అద్దాలు తీసి కాటా ఎక్కాలి

విమానాశ్రయం గోడ వెనక ఇంటి నుంచి

బావమరిదికి,

నువ్వు పొద్దస్తమానం ఫోన్ చేస్తున్నావు, నేను ఎత్తడం లేదు. ఫోన్లో నువ్వు బాగా మాట్లాడతావు. కాగితం మీద అంత చేతకాదు, ఆగి ఆలోచించుకోవాల్సి వస్తుంది. కాబట్టి ఇకమీదట నీకూ నాకూ కాగితమే.

నా బిడ్డ పిచ్చుక బతికింది. ఎడమ కన్ను పోయింది. డాక్టరు ఆ మాట చెప్పి, వెంటనే వాచీ చూసుకున్నాడు. వాడి సంగతి తర్వాత చూస్తాను.

జరిగింది నేను చెబుతాను. మీ ఆరో అంతస్తుకు చేరే నివేదికలో 'చిన్న తోపులాట' అని ఉంటుందని నాకు తెలుసు. ఆ భాష ఒకప్పుడు నేనూ రాశాను. సెలవులు మొదలైన శుక్రవారం. దీవికి వెళ్లే విమానం కోసం హాలు నిండా జనం. పిల్లలు అప్పుడే ఈతచక్రాలు ఊదించుకుని నడుముకు తగిలించుకున్నారు. కొత్త టోపీలు, కొత్త చెప్పులు. విమానం రాదు. మధ్యాహ్నం దాటాక మన పిల్ల సామాను తూచే పెద్ద కాటా ఎక్కింది.

ఆ పద్ధతి పెట్టింది నేనే, నువ్వు మర్చిపోయి ఉండవు. ఆ హాల్లో మైకులో ఏం చెప్పినా రేకు డబ్బాలో రాళ్లు కదిపినట్టు మోగుతుంది తప్ప ముక్క అర్థం కాదు. అందుకని ఏ కబురైనా మనలో ఒకరు కాటా మీద నిలబడి నోటితో చెప్పాలి. చెప్పే మనిషి కనబడాలి. తల మీద ఎర్ర అంకెల్లో బరువు పడుతుంది, జనం దాన్ని చూసి ఏదో ఒక జోకు వేసుకుంటారు, సగం కోపం అక్కడే దిగిపోతుంది. నా రోజుల్లో దిగేది.

"కొద్దిగా ఆలస్యం అవుతుందండీ, దయచేసి కూర్చోండి" అంది పిచ్చుక. ఆ వాక్యం పూర్తి కాలేదు. పూల చొక్కా వేసుకున్న వాడొకడు కాఫీ కొట్టు మీద ఉన్న గాజు సీసా అందుకుని విసిరాడు. అది దాని కళ్లద్దాల మీద పగిలింది. కింద పడ్డాక తొక్కారు. ఔను, తొక్కారు. కౌంటరు దాకా వెళ్లి అక్కడి గాజు పలకలు బద్దలు కొట్టడానికి దాని మీదుగానే నడిచారు. ఎవరిదో సూట్‌కేసు చక్రం కుడిచేతి వేళ్ల మీద నుంచి వెళ్లింది. మన ఇస్త్రీ మేనేజరు, అదే, నా కుర్చీలో వచ్చి కూర్చున్న ఆ మహానుభావుడు, లోపలి గదిలో గడియ పెట్టుకుని చొక్కా మడత నలగకుండా కూర్చున్నాడు.

నాకు ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. ఆ విమానం ఎందుకు రాలేదు? గోడ మీద పటం పెట్టుకుని, ఏ విమానం ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎగరాలో దారాలు కట్టేది నువ్వే కదా. చెప్పు.

నీ బావ


ప్రధాన కార్యాలయం, ఆరో అంతస్తు

బావగారికి నమస్కారాలు.

కవరు మీద మీ చేతిరాత చూడగానే నా చేతిలో కాఫీ ఒలికిపోయింది. పిచ్చుక విషయం తెలిసిన దగ్గర్నుంచి ముద్ద దిగడం లేదు. వచ్చేద్దామనే ఉంది. సెలవుల రద్దీ, కుర్చీ వదిలి కదిలే దారి లేదు. కంటి డాక్టర్లలో ఇక్కడ పెద్దాయన ఒకరున్నారు, మాట్లాడి పెట్టాను. కృత్రిమ కన్ను పెడితే తేడా తెలియదంటున్నారు.

విమానం సంగతి అడిగారు. సాంకేతిక కారణం. విచారణ నడుస్తోంది, అంతకంటే రాయడానికి నాకు వీల్లేదు. మీకు చెప్పేటంతవాణ్ణి కాదు, ఈ ఉద్యోగం మీ దగ్గరే నేర్చుకున్నాను.

పిచ్చుకకు ఆ రోజు సంగతులు ఏమైనా గుర్తున్నాయా? పొద్దుటి నుంచి ఏం జరిగింది, ఎవరితో మాట్లాడింది, అలాంటివి? గుర్తు లేకపోతే తవ్వి అడగకండి. దెబ్బ తిన్నవాళ్లు మర్చిపోవడమే మంచిదట.

అక్క ఉండి ఉంటే ఎలా తట్టుకునేదో అని రోజూ అనుకుంటున్నాను.

మీ బావమరిది


ఆసుపత్రి వరండా నుంచి

బావమరిదికి,

అక్క పేరు ఎత్తకు. ఆవిడ పోయిన రోజు నువ్వు రాలేదు. విమానాల్లో సీట్లు లేవన్నావు. విమానాలు నడిపేవాడివి!

నీ సాంకేతిక కారణం ఎక్కడ పెట్టుకోవాలో అక్కడ పెట్టుకో. నేనిక్కడ పని మొదలుపెట్టాను. పూల చొక్కా వాడు బెయిలు మీద బయటికొచ్చాడు. ఇల్లు కనుక్కున్నాను. నేను చదివిన చరిత్రల్లో రాజులు పగ తీర్చుకోవడానికి ఏనుగుల్ని, గుర్రాల్ని వెంట పెట్టుకుని వెళ్లారు. నేను సిటీ బస్సులో వెళ్లాను, నిలబడి.

తలుపు వాడే తీశాడు. మామూలు చొక్కా. చేతికి అన్నం మెతుకులు, లోపల పిల్లకు తినిపిస్తున్నాడు. "ఎవరండీ?" అన్నాడు. నా చేతికర్ర పిడి ఇత్తడిది, నీకు తెలుసు. దాంతో నోటి మీద కొట్టాను. ముందు పళ్లు ఊడి గడప మీద పడ్డాయి. మోకాలి మీద కొట్టాను, కూలబడ్డాడు. భుజం మీద, వీపు మీద, అడ్డం పెట్టిన చేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు ఎలా ఉంటుందో పుస్తకాల్లో ఎవడూ సరిగ్గా రాయలేదు. వాడి పెళ్లాం అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. వాడే ఆపాడు ఆవిణ్ణి. "ఆగు. ఆ అమ్మాయి వాళ్ల నాన్న" అన్నాడు. ఎలా పోల్చుకున్నాడంటే, పిచ్చుకది నా మొహమే కదా.

తర్వాత నోట్లో రక్తంతో వాడు అన్నది రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. "సార్, మా అందరి ఫోన్లకీ రద్దు అని మెసేజ్ వచ్చింది. తలెత్తి చూస్తే ఆవిడ ఆలస్యం అంటోంది. మొహం మీదే ఇంత అబద్ధమా అనిపించింది. పిల్లలు వారం నుంచీ సంచులు సర్దుకుని కూర్చున్నారు సార్. సీసా నా చేతిలోకి ఎలా వచ్చిందో నాకు తెలీదు."

మళ్లీ కొట్టాను. ఈసారి దెబ్బలో బలం లేదు.

ఫోన్లకు రద్దు అని వస్తే, కాటా మీద మన పిల్ల నోట ఆలస్యం అని ఎందుకు వచ్చింది? పిచ్చుక అబద్ధం ఆడే పిల్ల కాదు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి, నేను చూడకపోయినా ముక్కలు దోసిట్లో పట్టుకుని తెచ్చి చూపించింది. అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటోంది.

నీ బావ


ప్రధాన కార్యాలయం, ఆరో అంతస్తు

బావగారికి,

మీరు చేసింది నేరం. ఈ వయసులో జైలుకు వెళ్లాలని ఉందా? ఆ మనిషి కేసు పెట్టలేదంటే మన అదృష్టం. ఇంకెప్పుడూ ఇలాంటివి నాకు రాయకండి. చదివాక ఉత్తరం ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

విచారణ ముగిసింది. మీకు ఎవరూ చెప్పినట్టు లేదు, అందుకే రాస్తున్నాను. పిచ్చుక తనంతట తానే ఒప్పుకుంది. రద్దు అని తెలిసీ, జనం గోల చేస్తారన్న భయంతో ఆలస్యం అని తనే చెప్పిందట. నిజాయితీగా మాట్లాడిందని అందరూ మెచ్చుకున్నారు. కానీ ప్రయాణికులకు అబద్ధం చెప్పిన ఉద్యోగి అని దాని పేరు మీద పడింది. ఇక పైకి వెళ్లడం ఉండదు. ఆ పూల చొక్కా వాడి లాయరు కూడా దాన్నే పట్టుకుంటాడు, ముందు రెచ్చగొట్టింది ఆమేనని. ఉద్యోగం పోకుండా నేను చూస్తాను. మళ్లీ అదే కౌంటర్లో కూర్చోవచ్చు.

ఈ వేసవికి మీ ఊరి నుంచి సెలవుల విమానాలు ఆపేశాం. చలికాలం సెలవులకు కొండ ఊరికి కొత్త దారి తీస్తున్నాను. నేనే వచ్చి ప్రారంభిస్తాను. మీ విమానాశ్రయం మూతపడకుండా ఉండాలంటే ఆ దారి నడవాలి. జరిగినదాన్ని పట్టుకుని వేలాడితే ఎవరికి లాభం బావగారూ?

మీ బావమరిది


విమానాశ్రయం గోడ వెనక ఇంటి నుంచి

ఒరేయ్,

కాఫీ కొట్టు అతను ఇంటికి వచ్చాడు. పిచ్చుక కోసం పళ్లు తెచ్చి, అది పడుకుందంటే వాకిట్లోనే నిలబడి ఏడ్చాడు. "సీసాలు నావే కదా సార్" అన్నాడు. "నీ తప్పేముందయ్యా" అన్నాను. "షట్టర్ వేసుండాల్సింది సార్. కానీ అమ్మాయి అద్దాలు పెట్టుకునే కాటా ఎక్కింది. అద్దాలుంటే నేనెందుకు మూస్తాను?"

ఇన్నాళ్లూ ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు.

నువ్వు మర్చిపోయి ఉంటే గుర్తు చేస్తాను. ఆలస్యం అని చెప్పడానికి ఎక్కేటప్పుడు ఏమీ తీయనక్కర్లేదు. రద్దు అని చెప్పాల్సి వస్తే కళ్లద్దాలు, వాచీ, మెడలో పేరు బిళ్ల తీసి పక్కవాళ్ల చేతికిచ్చి, అప్పుడు ఎక్కాలి. నా కనుబొమ మీద కుట్లు ఎందుకు పడ్డాయో, వాటి నుంచి ఈ నియమం ఎలా పుట్టిందో నీకు తెలుసు. మనలో ఎవరైనా అద్దాలు తీస్తే చాలు, హాల్లో పనిచేసేవాళ్లందరికీ సంగతి అర్థమవుతుంది. ట్రాలీలు వెనక్కి పోతాయి. కాఫీ కొట్టు మూతపడుతుంది. గాజన్నది ఎవడి చేతికీ దొరకదు.

రద్దు అని తెలిస్తే పిచ్చుక అద్దాలతో ఎక్కదు. దానికి నడక నేర్పినట్టు ఇది నేర్పాను. అంటే దానికి తెలియదు. ఎవరో ఆలస్యం అని చెప్పారు, అది నమ్మింది. ఇస్త్రీ మేనేజరు ఇవాళ శుక్రవారం అన్నా కేలండరు చూసి గాని నమ్మదు అది. మరి ఎవరు?

దాని గదిలోకి వెళ్లాను. "ఎవరు చెప్పారు నీకు?" అన్నాను. "ఎవరూ చెప్పలేదు నాన్నా. నేనే." భుజాలు పట్టుకుని కుదిపాను. మంచినీళ్ల గ్లాసు గోడకేసి కొట్టాను. చేయి ఎత్తాను కూడా. అది మొహం పక్కకు తిప్పుకోలేదు, ఉన్న కన్ను మాత్రం గట్టిగా మూసుకుంది. చేయి దించాను. అప్పుడు అంది, "వదిలేయి నాన్నా. అమ్మ తమ్ముడు."

అది తప్పు తన మీద వేసుకుంది నీ కోసం. విచారణలో కూర్చుని, కన్ను పోగొట్టుకున్న పిల్ల, 'నేను అబద్ధమాడాను' అని చెప్పుకుంటుంటే నువ్వు ఆరో అంతస్తులో కూర్చుని విని, 'అందరూ మెచ్చుకున్నారు' అని నాకు రాశావు.

నువ్వు కాటా ఎక్కింది జీవితంలో ఒక్కసారి. చెంపదెబ్బ తిని దిగి, మీ అక్క కొంగు పట్టుకుని ఏడ్చావు. ఆవిడ నా కాళ్లావేళ్లా పడితే నిన్ను సామాన్ల గదిలోకి, అక్కణ్ణుంచి పై ఆఫీసుకు పంపాను. నేను పంపాను.

ఈసారి 'సాంకేతిక' అన్న మాట కనబడిందంటే, ఇత్తడి పిడి ఆరో అంతస్తు ఎక్కుతుంది.


మా ఇంటి నుంచి, ఆఫీసు కాగితం మీద కాదు

బావా,

నేనే.

ఆ శుక్రవారం పెద్ద ఊళ్లో ఒక విమానం మొరాయించింది. అక్కడ జనం ఎక్కువ, మీ దగ్గర తక్కువ. మీ విమానాన్ని అటు మళ్లించాను. పటం మీద ఒక దారం విప్పి ఇంకో మేకుకు కట్టడమే కదా, రోజూ చేసే పనే. పొద్దున్నే చేశాను. మీ జనానికి అప్పుడే చెబితే, పోయినేడాదిలాగా రన్‌వే మీద కూర్చుంటారు, మిగతా విమానాలు కూడా ఆగిపోతాయి. సాయంత్రం దాకా ఆలస్యం అని నెట్టుకొస్తే విసిగిపోయి వాళ్లే ఇళ్లకు పోతారని అనుకున్నాను.

మేనేజరుకు చెబితే సవాలక్ష ప్రశ్నలు వేస్తాడు. అందుకని పిచ్చుకకు ఫోన్ చేశాను. "మావయ్యా, నిజంగా వస్తుందా? అందరూ చిన్నపిల్లలు" అని అడిగింది. "వస్తుందమ్మా, కాస్త ఆలస్యం, నేను చెబుతున్నాను కదా" అన్నాను. "నువ్వు చెబితే సరే" అంది.

మధ్యాహ్నం మావాళ్లు కంప్యూటర్లో రద్దు అని కొట్టారు; అలా కొట్టగానే ప్రయాణికుల ఫోన్లకు మెసేజ్‌లు వాటంతటవే వెళ్తాయి. వాటిని ఆపమని చెప్పడం మర్చిపోయాను. అది కాటా మీద ఉండగా వెళ్లాయి. అద్దాల సంగతి, మీరు నమ్మినా నమ్మకపోయినా, నాకు ఆ క్షణంలో గుర్తే రాలేదు. అక్కడ ఎప్పుడో పనిచేసిన కుర్రాడికి తెలిసినవి ఇక్కడ కూర్చున్నవాడికి గుర్తుండవు.

విచారణకు ముందు దానికి ఫోన్ చేశాను. ఏం చెప్పమని నేను అడగలేదు. "మావయ్యా, నీ పేరు రాదులే" అని అదే అంది. నేను వద్దనలేదు. అంతే నేను చేసింది. వద్దనలేదు.

మీరు వచ్చి కొడతానంటే తలుపు తీసి ఉంచుతాను.

మీ బావమరిది


విమానాశ్రయం గోడ వెనక ఇంటి నుంచి

బావమరిదికి,

ఉత్తరం అందింది. చాలాసార్లు చదివాను. ఇన్నేళ్లలో నువ్వు నాకు రాసిన ఒకే ఒక్క మంచి ఉత్తరం.

నేను రాను. మోకాళ్లు మెట్లకు ఒప్పుకోవడం లేదు. నువ్వే రా. కొండ విమానం ప్రారంభానికి ఎలాగూ వస్తావు కదా. నాకు కావాల్సింది ఒక్కటే. కాటా ఎక్కి, మన వాళ్లందరి ముందు, ఆ రోజు ఆలస్యం అని చెప్పించింది నేనేనని ఒక్క మాట అను. దాని పేరు కడుగు. కొట్టను, తిట్టను. ఆ తర్వాత మా ఇంటికి వచ్చి అన్నం తిని పో.

పిచ్చుక మళ్లీ పనిలో చేరింది. ఎడమవైపు నల్ల అద్దం ఉన్న కళ్లజోడు చేయించుకుంది. వేళ్లు పూర్తిగా వంగడం లేదు, సామాన్లకు చీటీలు పళ్లతో చింపి అంటిస్తోంది. వెనకాల గుసగుసలు వింటూనే ఉంటుంది. "అబద్ధాల పిల్ల ఉందా ఇవాళ కౌంటర్లో?" అని మొన్న ఒకావిడ దాన్నే అడిగింది. "ఉందండీ, నేనే" అని చెప్పి కిటికీ పక్క సీటు ఇచ్చి పంపిందట.

నువ్వు వస్తావని దానికి చెప్పాను. నవ్వింది. చాలా రోజుల తర్వాత.

నీ బావ


మీ ఊరి ఆసుపత్రి, ఎముకల వార్డు

బావా,

దవడను తీగలతో కట్టేశారు. నెలల తరబడి మాట్లాడకూడదట. ఫోన్లో నేను బాగా మాట్లాడతానని మీరన్నారు, ఇక ఆ బాధ లేదు. కుడిచెయ్యి బాగానే ఉంది, రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోనివ్వండి. ఆ రోజు రిబ్బను కత్తిరించాను, కొత్త దారుల గురించి ఉపన్యాసం ఇచ్చాను, పిచ్చుక పక్కన నిలబడి ఫోటో దిగాను. చెప్పాల్సిన మాట చెప్పలేదు. విలేకరులు ఉన్నారు, పై అధికారి ఉన్నాడు, కాసేపాగి చెబుదాం అనుకున్నాను. మీరు కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉన్నారు. ఆ చూపు నాకు తెలుసు.

తర్వాత మీరు నా దగ్గరికి వచ్చి, నా మొహం చూస్తూ మెల్లగా అన్నారు, "కొండ విమానం ఓ గంట ఆలస్యంట. జనం కదులుతున్నారు. దారి నీది, నువ్వే ఎక్కి చెప్పు." ఎంత మామూలుగా అన్నారో! నేను నమ్మాను. మీరు చెప్పారు కదా.

కాటా ఎక్కాను. నా బరువు చూసి ఎవరో "అయ్యగారికి అదనపు సామాను చార్జీ వేయండ్రా" అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను. "కొద్దిగా ఆలస్యం అవుతుందండీ" అన్నాను. అదే వాక్యం. అప్పుడు తన ముందున్న కంప్యూటర్ తెర చూసి, కౌంటరు దూకి పిచ్చుక వచ్చింది. కాటా ఎక్కి, నా కళ్లద్దాలు లాగేసి గుప్పిట్లో పట్టుకుంది. దాని చేయి నా చెవికి తగలగానే నాకు మొత్తం అర్థమైంది. అప్పుడే హాలంతా ఫోన్లు మోగడం మొదలైంది.

అది నా ముందుకు వచ్చి నిలబడింది. నేను దాన్ని కౌంటరు వెనక్కి తోసేశాను. ఆ ఒక్క పని చేశాను, అది మీకు తెలియాలి. మొదట టై పట్టుకుని పగ్గంలా లాగారు. మొహం కాటా అంచుకు కొట్టుకుంది. ట్రాలీ ఇనప కడ్డీ దవడ మీద పడింది. ఒకావిడ చెప్పు తీసి కొట్టింది, చంకలో పసిపిల్లతోనే. భుజం మీద ఎవరో ఎక్కి నిలబడ్డారు, ఎముక విరగడం లోపలి నుంచి వినబడింది. మీరు రాసింది నిజమే, ఆ చప్పుడు ఎవరూ సరిగ్గా రాయలేదు. పక్కటెముకల మీద బూటుకాళ్లు. ఒకడు జుట్టు పట్టుకుని తల లేపి, మొహం ఎక్కడుందో చూసుకుని మరీ గుద్దాడు. కళ్లలో గాజు లేదు కాబట్టి అన్నీ చూశాను, మసకగా. కిటికీ దగ్గర ఒక ఆకారం కూడా కనబడింది. చేతికర్రతో. కదల్లేదు.

ఇంజనీరు నన్ను చూడటానికి వచ్చాడు. చక్రం దగ్గర నూనె కారుతోందని, విమానం వెళ్లదని ముందు మీకే చెప్పాడట, పాత అలవాటు కొద్దీ. మేనేజరుకూ నాకూ మీరే చెబుతానన్నారట. అది విని తన పని తాను చేసుకుని, కంప్యూటర్లో రద్దు కొట్టాడు. ఇదంతా చెబుతున్నప్పుడు పిచ్చుక మంచం పక్కనే ఉంది.

నేను ఎవరికీ చెప్పను. విచారణవాళ్లకు మాత్రం వేసవి సంగతి మొత్తం నిజం రాసి ఇచ్చాను. ఉద్యోగం పోతుంది. పిచ్చుక పేరు మీది మచ్చ తుడుచుకుపోతుంది. లెక్క సరిపోయిందా బావా?

మీ బావమరిది


విమానాశ్రయం గోడ వెనక ఇంటి నుంచి

బావమరిదికి,

సరిపోయింది. నీ దవడ గురించి నేను విచారించడం లేదు. ఆ అబద్ధమేదో రాసి నిన్ను ఓదార్చను. ఇంజనీరు వచ్చి చెప్పినప్పుడు నాకు ఆలోచించుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంది. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి నీ దగ్గరికి వచ్చాను, దారిలో మనసు మార్చుకోలేదు. గొప్ప గొప్ప పుస్తకాల్లో పగ తీరాక మనిషి లోపల ఖాళీ అయిపోతాడని రాశారు. రాసినవాళ్లెవరూ తీర్చుకుని ఉండరు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

నీ కళ్లద్దాలు పిచ్చుక దగ్గర ఉన్నాయి. ఒక గీత కూడా పడలేదు. నీ వార్డుకు పంపిస్తుందట.

ఒక్క సంగతి నీకు చెప్పాలి. చెప్పుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు, చూడు ఎంత ఖర్మో.

నిన్న పొద్దున నేను బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్నాను. పిచ్చుక వచ్చి ఎదురుగా నిలబడింది. నిన్ను చూసి ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నాతో మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతుందని పేపరు మడిచాను. ముందు మెడలోంచి పేరు బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. వంగని వేళ్లతో వాచీ విప్పడానికి చాలాసేపు పట్టింది. సాయం చేద్దామని చేయి చాపితే ఒకడుగు వెనక్కి వేసింది. వాచీ పెట్టింది. తర్వాత కళ్లద్దాలు తీసి మడిచి వాటి పక్కన పెట్టింది. నేను నేర్పిన వరసలోనే.

అప్పుడు చెప్పింది. దీవి విమానాశ్రయానికి బదిలీ అడిగిందట, వచ్చిందట. మధ్యాహ్నం విమానానికే వెళ్తోందట. ఉత్తరాలు రాయవద్దంది. "మావయ్య నాకు ఫోన్లో అబద్ధం చెప్పాడు నాన్నా. నువ్వు దగ్గరికి వెళ్లి, మొహం చూస్తూ చెప్పావు" అంది. గొంతు కాటా మీద నిలబడి చెప్పినంత స్పష్టంగా ఉంది.

నా ఒళ్లంతా మండిపోయింది. దాని కోసం చేశాను కదా! ఎవరి కన్ను కోసం చేశాను నేను? లేచాను. చేయి బల్ల మీద వెతికింది. ఏం దొరుకుతుందా అని వెతికిందో ఆ చేతికే తెలియాలి. పొద్దున తాగిన గాజు గ్లాసు లేదు. నీళ్ల జాడీ లేదు. గోడకు ఆనించి పెట్టే చేతికర్ర కూడా లేదు.

అన్నీ వంటింట్లో ఉన్నాయి, అరుగు మీద. అది వెళ్లిపోయాక చూశాను.

నీ బావ